కుంట ఎక్కడ ఉన్నది? — అక్షాంశ రేఖాంశములను సరిచూచుట

సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు అనంతపురం మెట్టలో సేద్యపు కుంట రైతునకు పెద్ద ఆస్తి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఈ జిల్లాలోని బండ్లపల్లెలోనే ప్రారంభమైనది. ఆ పథకము క్రింద జరిగిన పనులను ఫోనుతో ఫొటో తీసి, అక్షాంశ రేఖాంశములతో సహా 'భువన్' పటముపై గుర్తించు పద్ధతి 2016లో వచ్చినది. భువన్‌ను నడుపునది హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము.

ఆ రెండు అంకెలలో ఏది తప్పినను, చేనిలో ఉన్న కుంట పటములో మరియొక చోట కనబడును. తనిఖీకి వచ్చినవారు అక్కడ వెదకి, కుంటయే లేదనవచ్చును. కనుక అంకెలు అందిన వెంటనే కంప్యూటరు ప్రోగ్రాము వాటిని పరీక్షింపవలెను. అది ఎట్లో చూతము.

మొదటిది హద్దుల పరీక్ష. అక్షాంశము −90 నుండి +90 డిగ్రీల వరకు, రేఖాంశము −180 నుండి +180 డిగ్రీల వరకు ఉండవలెను. ఇది సులభమే గాని ఇందులో ఒక చిక్కు కలదు. సున్నను సున్నచే భాగించినప్పుడు కంప్యూటరు 'సంఖ్య కానిది' అను ప్రత్యేకమైన విలువ నిచ్చును. అది 90 కంటె ఎక్కువా యని అడిగిన కాదనును. −90 కంటె తక్కువా యని అడిగినను కాదనును. కావున "హద్దు దాటినచో త్రోసివేయుము" అని వ్రాసిన ప్రోగ్రాములో అది దూరిపోవును. "హద్దుల లోపల ఉన్నచో మాత్రమే స్వీకరింపుము" అని వ్రాసిన దొరకిపోవును.

అంకెలు నింపకుండ వదలిన గడులను కొన్ని ప్రోగ్రాములు సున్నలుగా తీసికొనును. సున్న, సున్న అనునది హద్దులలోనిదే. కాని ఆ చోటు ఆఫ్రికాకు పడమట అట్లాంటిక్ సముద్రములో ఉన్నది!

ఇక తారుమారు. అనంతపురము సుమారు 14.68 ఉత్తర అక్షాంశము, 77.60 తూర్పు రేఖాంశము వద్ద కలదు. వీటిని తలక్రిందులుగా వ్రాసితిమనుకొందము. గౌహతి రేఖాంశము 91 డిగ్రీలకు పైబడినది గనుక అది అక్షాంశపు గడిలో పడినచో హద్దుల పరీక్షలోనే పట్టుబడును. మన 77.60 అట్లు కాదు. 90కి లోబడియే ఉన్నది. పరీక్ష నెగ్గి, మన కుంట ఉత్తర ధ్రువ ప్రాంతమున స్వాల్‌బార్డ్ ద్వీపముల మంచులో తేలును.

దీనిని పట్టుటకు జిల్లా హద్దులు కావలెను. 2022లో విభజింపబడక పూర్వపు అనంతపురం జిల్లా 13°40' – 15°15' అక్షాంశముల నడుమ, 76°50' – 78°30' రేఖాంశముల నడుమ ఉండెడిది. ఈ చట్రములో ఇమడని జతను ప్రోగ్రాము తానే దిద్దరాదు. పంపినవారినే తిరిగి అడుగవలెను.

ఈ చట్రమునకును లొంగని తప్పు ఒకటి కలదు. 14 డిగ్రీల 41 నిమిషములను 14.41 అనియు, 77 డిగ్రీల 36 నిమిషములను 77.36 అనియు వ్రాయుట. డిగ్రీకి 60 నిమిషములు గనుక 41 నిమిషములనగా 0.68 డిగ్రీ. ఈ పొరపాటుతో కుంట నైఋతి దిశగా సుమారు 40 కిలోమీటర్లు జరుగును. అయినను చట్రములోనే ఉండును.

అప్పుడు గ్రామపు ఎల్లయే శరణ్యము. ఆ బిందువు నుండి ఒక దిక్కుగా సరళరేఖను గీచి, అది ఎల్లను ఎన్ని మారులు ఖండించునో లెక్కింపవలెను. బేసి సంఖ్య వచ్చిన బిందువు ఊరి లోపల, సరి సంఖ్య వచ్చిన వెలుపల ఉన్నట్లు.

ఈ జాగ్రత్త మన సీమకు క్రొత్త కాదు. త్రిభుజముల లెక్కతో దక్షిణ దేశమును సర్వే చేసిన విలియం లాంబ్టన్ 1811లో గుత్తి వద్ద ఒక ఆధారరేఖను నేలపైననే కొలిపించెను. ఇట్టి రేఖల వలన లెక్కలో వచ్చిన పొడవును కొలతతో పోల్చి చూడ వీలగును. అంకె హద్దులలో నున్నంత మాత్రమున నిజము కాదు, నేలతో సరిపోవలెను.

ఉపాధ్యాయులు విద్యార్థులచే తమ పాఠశాల అక్షాంశ రేఖాంశములను వ్రాయించి, వాటిని తారుమారు చేసి పటములో వెదకింపవచ్చును. తమ బడి మంచులో కనబడినప్పుడు ఈ పాఠము వారు మరువరు.