రాసే చేతికి తోడు

ప్రముఖ రష్యా రచయిత దోస్తోయెవ్‌స్కీ మూర్ఛరోగి. 1866లో ఆయన ఒక పత్రికకు ‘నేరము - శిక్ష’ నవలను భాగాలుగా రాస్తున్నారు. అదే సమయంలో మరో ప్రచురణకర్తకు నవంబరు మొదటి తేదీలోగా కొత్త నవల ఇవ్వాలి. లేకపోతే తొమ్మిదేళ్ళపాటు తన రచనల మీద హక్కు పోతుంది. ఆ కష్టంలో షార్ట్‌హ్యాండ్ నేర్చిన అన్నా అనే ఇరవై ఏళ్ళ యువతి సహాయానికి వచ్చింది. ఆయన పగలు చెప్పేవారు, ఆమె ఇంటికి వెళ్ళి సాపు రాసి తెచ్చేది. 26 రోజుల్లో ‘జూదరి’ నవల పూర్తయింది. 1867లో వారికి వివాహమైంది. పెళ్ళయిన కొద్ది రోజులకే ఆయనకు మూర్ఛ వచ్చినప్పుడు ఆమె బెదరలేదు, ఆయనను పట్టుకొని కూర్చుంది. తరువాత అప్పులవాళ్ళతో మాట్లాడడం, పుస్తకాలు అచ్చువేయించి అమ్మడం కూడా ఆమే చూసుకుంది.

ఆ దినాల్లో మూర్ఛకు సరైన మందులు లేవు. ఇప్పుడున్నాయి. క్రమం తప్పక వాడితే 100 మందిలో 70 మంది వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరు. అయితే నిద్ర చాలకపోతే ఫిట్స్ తిరిగి రావచ్చు. కాబట్టి మూర్ఛవ్యాధి ఉండి రాత్రిళ్ళు మేలుకొని రాసేవారికి మేము చెప్పేదొకటే: పని పగటికి మార్చుకోండి, మందు మానకండి. ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లోవారు రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

మరొక మాట. రోగిని చూసుకునే భార్యకో, భర్తకో కూడా అలసట ఉంటుంది. మందుల చీటీతో పాటు వారినీ మా దగ్గరకు తీసుకురండి. “మీరు సరిగా నిద్రపోతున్నారా?” అని వారినీ అడుగుతాము. భారం మోసేవారికీ విశ్రాంతి కావాలి గదా!