సుంకం ఎవరు కడతారు?

వక్తృత్వ పోటీలో అంతర్జాతీయ అంశం ఇస్తే మన తెలుగు మీడియం పిల్లలు జంకుతారు. అది ఇంగ్లిషు బడుల వ్యవహారం అనుకుంటారు. నిజానికి అది మన గుమ్మం దాకా వచ్చిన విషయమే.

2025 ఆగస్టు 27న చాలా భారతీయ సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగానికి మనం రష్యా చమురు కొనడమే కారణమని ఆ దేశం చెప్పింది. కే.వి.కుప్పం తరగతిలో అడిగాను: ‘ఈ సుంకం ఎవరు కడతారు?’

‘మన కంపెనీలే సార్’ అన్నారంతా.

కాదు. సరుకు దిగుమతి చేసుకునే అమెరికా వ్యాపారి తన ప్రభుత్వానికి కడతాడు. ధర పెరిగితే అక్కడ కొనేవారు తగ్గుతారు. అప్పుడు ఆంబూరు, రాణిపేట తోలు పరిశ్రమకు ఆర్డర్లు తగ్గుతాయి.

వెనక బెంచీ అమ్మాయి మెల్లగా అడిగింది: ‘మా అమ్మకు ఓవర్‌టైము ఆగింది ఇందుకేనా సార్?’

ప్రసంగం అక్కడ మొదలవ్వాలి. మరునాడు అదే అమ్మాయి చేత అమెరికా పక్షాన మాట్లాడించాను. తమ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు కాపాడుకోవాలన్నది వాళ్ల వాదన. రెండు వైపులా వాదించినవారికి బట్టీ అక్కర్లేదు.

తల్లిదండ్రులారా, రాత్రి భోజనాల దగ్గర పేపర్లోని ఒక్క వార్త తెలుగులో చదివించండి. ‘ఎందుకు?’ అని అడగండి. సుంకం, ఎగుమతి, లోటు వంటి మాటలు ఇంట్లో నలిగితే వేదిక మీద తడబాటు ఉండదు.