జోడు మందుల జోరెంత? పరీక్షతోనే తేలేది

ఒక యాంటీబయాటిక్‌కు లొంగని బ్యాక్టీరియాపై రెండింటిని కలిపి ప్రయోగించడం ఆసుపత్రుల్లో పరిపాటి. అయితే రెండు మందులు కలిసినంత మాత్రాన బలం రెట్టింపవుతుందనుకోవడం పొరపాటు. ఒకదాని పనికి మరొకటి అడ్డుపడవచ్చు కూడా. అమెరికా వైద్యులు లెప్పర్, డౌలింగ్ 1951లోనే ఈ సంగతి బయటపెట్టారు. న్యుమోకాకస్ వల్ల మెదడు పొరల వాపు వచ్చిన రోగుల్లో పెన్సిలిన్ ఒక్కటే వాడినవారిలో 21 శాతం మంది మరణించగా, దానికి క్లోర్‌టెట్రాసైక్లిన్ జోడించినవారిలో ఏకంగా 79 శాతం మంది మృత్యువాత పడ్డారు. పెన్సిలిన్ చంపగలిగేది ఎదుగుతున్న బ్యాక్టీరియానే. రెండో మందు ఆ ఎదుగుదలనే ఆపివేయడంతో మొదటిది నిరుపయోగమైందన్నది దీనికి వైద్యశాస్త్రం ఇచ్చే వివరణ.

మేలు చేసే జోడీలూ లేకపోలేదు. ఎన్‌డీఎం అనే ఎంజైమ్ గల బ్యాక్టీరియా విషయమే చూస్తే, ఇది ఆఖరి అస్త్రాలుగా భావించే కార్బపెనెమ్ మందులను సైతం విచ్ఛిన్నం చేస్తుంది. న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ చేరిన రోగిలో 2008లో కనుగొన్నందున దానికి మన రాజధాని పేరే పెట్టారు. దీనిపై దేశంలో నిరసన వ్యక్తమైనా పేరు మాత్రం స్థిరపడిపోయింది. ఈ ఎంజైమ్ అజ్‌ట్రియోనామ్ అనే మందును ఏమీ చేయలేదు. చిక్కేమిటంటే, అదే బ్యాక్టీరియాలో తరచూ ఉండే ఇతర ఎంజైమ్‌లు అజ్‌ట్రియోనామ్‌ను వదలవు. వాటిని అవిబాక్టమ్ కట్టడి చేస్తుంది. అందుకే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌ను అజ్‌ట్రియోనామ్‌తో కలిపి ఇస్తున్నారు. అజ్‌ట్రియోనామ్, అవిబాక్టమ్ కలిసిన మందుకు 2024లో ఐరోపా సమాఖ్య, 2025లో అమెరికా అనుమతినిచ్చాయి.

నాలుగు గొట్టాలు చాలు

ఈ జోడీ పనిచేస్తుందో లేదో తేల్చడానికి భారీ యంత్రాలు అక్కర్లేదు. ముందుగా రోగి రక్తం లేదా మూత్రం నుంచి బ్యాక్టీరియాను పెంచి వేరుచేస్తారు. ఆపై నాలుగు పరీక్ష గొట్టాల్లో పోషక ద్రవం పోస్తారు. ఒకదానిలో ఏ మందూ వేయరు. రెండోదానిలో అజ్‌ట్రియోనామ్ బిళ్ల, మూడోదానిలో సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ బిళ్ల, నాలుగోదానిలో రెండూ వేస్తారు. మందు ద్రవంలోకి దిగేందుకు అరగంట ఆగి, బ్యాక్టీరియాను కలిపి రాత్రంతా వెచ్చగా ఉంచుతారు. మర్నాటికి మొదటి మూడు మసకబారి, నాలుగోది తేటగా నిలిస్తే జోడీ ఫలించినట్లే. మందు లేని గొట్టం కూడా తేటగా ఉంటే ఆ పరీక్ష చెల్లదు, మళ్లీ చేయాల్సిందే.

గొట్టంలో గెలిచిన జోడీలన్నీ రోగి శరీరంలో గెలవవు. ప్రయోగశాలల్లో కొలిస్టిన్, మెరోపెనెమ్ జంట ఆశలు రేపింది. ఇజ్రాయెల్, గ్రీస్, ఇటలీలలో 406 మంది రోగులపై జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. కొలిస్టిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 79 శాతం మందికి, రెండూ ఇచ్చినవారిలో 73 శాతం మందికి చికిత్స విఫలమైంది. గణాంకాల ప్రకారం ఇది లెక్కలోకి వచ్చే తేడా కాదు. వారిలో అత్యధికులకు సోకింది అసినెటోబ్యాక్టర్ అనే మొండి బ్యాక్టీరియా.