ఉద్యోగం మానేస్తే అప్పు తీరుతుందా?

అమెరికాలో ఎమ్మెస్‌ అయింది, ఉద్యోగమూ వచ్చింది. కానీ క్రెడిట్‌ కార్డుల బాకీ నెలనెలా పెరిగిపోతోంది. ఇంతలో రూమ్మేట్‌ సలహా: ‘ఉద్యోగం మానెయ్‌రా, జీతం లేకపోతే దివాలా పిటిషన్‌ వేసుకోవచ్చు!’ మీరైతే ఏం చేస్తారు? ముందు లెక్క చూడండి.

అక్కడ చాప్టర్‌ 7 కింద కార్డు బాకీలు రద్దు కావాలంటే ఆదాయ పరీక్ష ఉంటుంది. పిటిషన్‌కు ముందు ఆరు నెలల సగటు ఆదాయాన్ని, ఆ రాష్ట్రంలో అంతే మంది ఉన్న కుటుంబాల మధ్యస్థ ఆదాయంతో పోలుస్తారు. అంటే ఇవాళ మానేసినా పాత జీతం వెంటనే లెక్కలోంచి పోదు. ఆదాయం ఎక్కువున్నా, చట్టం ఒప్పుకునే ఖర్చులు తీసేస్తే అర్హత రావచ్చు. దివాలా కోసమే మానేశారని తేలితే మాత్రం కోర్టు పిటిషన్‌ కొట్టేయవచ్చు.

చాప్టర్‌ 13 అని ఇంకో దారి ఉంది. మూడు నుంచి అయిదేళ్ల పాటు వాయిదాల్లో కట్టాలి. దానికి నిలకడైన ఆదాయం ఉండాలి. ఉద్యోగం వదిలితే ఈ దారీ మూసుకుపోతుంది. హెచ్‌-1బీ మీద ఉంటే మరో కొలువు వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే.

మరి విద్యారుణం? అది దివాలాతో రద్దు కావడం చాలా కష్టం. ఇక్కడి బ్యాంకులో నాన్న సంతకం పెట్టి ఉంటే, ఆయన మీద బాధ్యత అలాగే ఉంటుంది.

అందుకే రాజీనామా మెయిల్‌ కొట్టేముందు రూమ్మేట్‌ని కాదు, దివాలా కేసులు చూసే లాయర్‌ని, ఇమిగ్రేషన్‌ లాయర్‌ని అడగండి. ఇంట్లోనూ చెప్పండి.