రోహిణి కార్తెలో ఇంజను

నందిగామ, జగ్గయ్యపేట వైపు రోహిణి కార్తె ఎండ ఎలా ఉంటుందో మెట్ట ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో బైకు ఇంజను పట్టేసిందంటే చాలు, "ఎయిర్ కూల్డ్ బండి కదా, వడగాడ్పుకి ఆగదు" అని తేల్చేస్తారు. లెక్క వేస్తే మాత్రం తప్పు ఎండది కాదనిపిస్తుంది.

ఇంజన్లో పుట్టే వేడిలో దాదాపు మూడో వంతే బండిని నడుపుతుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్‌లోంచి పోతుంది. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం సిలిండర్ గోడలకు ఎక్కుతుంది. లోపల మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియమేమో 660 డిగ్రీలకే కరిగిపోతుంది. అందుకే ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి తోడెయ్యాలి. స్ప్లెండర్‌లో సిలిండర్ చుట్టూ ఉన్న పలచటి రెక్కలు దాన్ని నేరుగా గాలికి ఇచ్చేస్తాయి. కారులో, లారీలో నీళ్లు దాన్ని రేడియేటర్ దాకా మోసుకెళ్లి, అక్కడ మళ్లీ గాలికే అప్పజెబుతాయి. మధ్యలో దళారీ ఉన్నాడా లేడా అన్నదే తేడా.

ఈ దళారీ సమర్థుడే. గాలితో పోలిస్తే అంతే పరిమాణం నీళ్లు దాదాపు 3,500 రెట్లు వేడిని పట్టుకుంటాయి. అందుకే చిన్న ఇంజన్లోంచి ఎక్కువ శక్తి పిండాలంటే నీళ్లు కావాలి. పొలానికీ ఊరికీ తిరిగే బండికి ఆ హంగు అనవసరమని నా ఉద్దేశం.

ఇప్పుడు లెక్క. వస్తువుకీ గాలికీ మధ్య వేడిలో తేడా ఎంత ఎక్కువైతే అంత త్వరగా చల్లారుతుంది. రెక్కలు 200 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. గాలి 25 నుంచి 45 డిగ్రీలకు పెరిగితే తేడా 175 నుంచి 155కి దిగుతుంది, అంటే తొమ్మిదో వంతు తగ్గింది. రేడియేటర్‌లో నీళ్లు 95 డిగ్రీలు దాటకూడదనుకుంటే తేడా 70 నుంచి 50కి పడిపోతుంది. అంటే పావు వంతు పైనే! ఎండ దెబ్బ గట్టిగా తగిలేది రేడియేటర్‌కే. అది ముందే తెలుసు కనుకే దాన్ని పెద్దగా చేసి, వెనక ఫ్యాను పెడతారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఫోక్స్‌వ్యాగన్ బండ్లు ఉత్తర ఆఫ్రికా ఎడారిలో తిరిగింది గాలికే చల్లారే ఇంజన్లతోనే.

మరి బైకు ఎందుకు పట్టేస్తుంది? చాలాసార్లు ఆయిలు తగ్గి. లేదంటే బండి కదలక. సంక్రాంతి రద్దీలో చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడితే చలికాలమైనా రెక్కలకు గాలి ఆడదు. స్కూటర్‌కీ, పత్తి చేలో వీపున మోసే పవర్ స్ప్రేయర్‌కీ లోపలే ఫ్యాను ఉంటుంది కానీ, అది ఇంజను వేగంతోనే తిరుగుతుంది. కారు కరెంటు ఫ్యాను అలా కాదు, నీళ్లు కాగితే బండి నిలబడి ఉన్నా తిరుగుతుంది. ఇక రెక్కల మీద ఆయిలు కారి, దానికి దుమ్మూ పత్తి నుసీ అంటుకుని గట్టిపడితే పైన గాలి వీచినా లోపలికి అందదు. నూర్పిళ్లప్పుడు ట్రాక్టర్ రేడియేటర్ జాలీకి పొట్టు పట్టినా అదే తంతు.

నీళ్లతో చల్లారే బండికి ఇక్కడ ఇంకో చిక్కుంది. జగ్గయ్యపేట చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి. జయంతిపురం, ముక్త్యాలల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దానికోసమే. ఆ రాయి కరిగిన బోరు నీళ్లు కాగితే సున్నం విడిపోయి, రేడియేటర్ సన్న గొట్టాల లోపల తెల్లగా పేరుకుంటుంది. అది వేడిని సరిగా దాటనివ్వదు. ఒకసారి పోసిన నీళ్లలో ఉండే సున్నం కొంచెమే. ఎక్కడో కారుతుంటే దాన్ని బాగుచేయించకుండా వారం వారం బోరు నీళ్లు పోస్తూ పోతేనే గొట్టాలు పూడుకుపోతాయి.

మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంట్ ఎందుకని అడుగుతారు. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్‌లో సున్నం ఉండదు, తుప్పూ పట్టనివ్వదు, పైగా మరిగే వేడిని కొన్ని డిగ్రీలు పెంచుతుంది. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని ఆపి ఉంచుతుంది గనక అక్కడ మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. ఇంజను వేడి మీద ఉండగా ఆ మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, నీళ్లు ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. రేడియేటర్ పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మూత మీద చెయ్యి వెయ్యాలి.