గడియారం కలిస్తేనే గొంతు

పెళ్లి పందిట్లో మైకు సెట్టు కట్టేవాళ్లకు ఒకటే లెక్క: పిన్ను దూరితే మోగుతుంది. మైకు ఏ కంపెనీదో, ఆంప్లిఫయర్ ఏ కంపెనీదో ఎవరూ అడగరు. పెద్ద ఆడిటోరియాల్లో, స్టూడియోల్లో ఇప్పుడు శబ్దం నెట్‌వర్క్ తీగల్లో ప్యాకెట్లుగా వెళ్తోంది. ఒక్క సన్నతీగలో వందల చానళ్లు! కానీ పిన్ను దూరితే చాలనే భరోసా పోయింది.

ఎవరి పద్ధతి వారిదే మరి. సిడ్నీలోని ఆడినేట్ కంపెనీది డాంటే, జర్మనీ నుంచి వచ్చింది రావెన్నా, రేడియో స్టేషన్లకు లైవ్‌వైర్. అడుగున చూస్తే అన్నీ చేసేది దాదాపు ఒకటే: శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ఆ అంకెల్ని ఐపీ ప్యాకెట్లలో పంపడం. అందుకే ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 2013లో ఏఈఎస్67 అనే ఉమ్మడి ప్రమాణం రాసింది. ప్యాకెట్‌కు ఒక మిల్లీసెకను శబ్దం, అంటే 48 కొలతలు. 24 బిట్ల చొప్పున చానల్‌కు 144 బైట్లు. ఎనిమిది చానళ్లు కుక్కినా 1,152. ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో 1,500 పడతాయి కనుక బెంగ లేదు.

చిక్కంతా గడియారంతోనే. ప్రతి పెట్టెలోనూ ఒక క్వార్ట్జ్ స్ఫటికం కాలాన్ని లెక్కపెడుతూ ఉంటుంది. మిక్సర్ 48,000 లెక్కపెట్టేలోగా స్పీకర్ 48,001 లెక్కపెట్టిందనుకోండి, సెకనుకో కొలత తక్కువపడి 'టిక్' మంటుంది. కాబట్టి అన్నీ ఒకే పెద్ద గడియారాన్ని అనుసరించాలి. ఆ ఏర్పాటు పేరు పీటీపీ. డాంటే దాని 2002 నాటి రూపాన్ని వాడుతుంది, ఏఈఎస్67 2008 నాటిదాన్ని. ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కాదు. డాంటే పరికరంలో ఏఈఎస్67 మోడ్ ఆన్ చేస్తేనే అది రెంటికీ మధ్యవర్తి అవుతుంది.

ఇంకో తమాషా ఉంది. ఏ ప్యాకెట్‌ను ముందు పంపాలో నెట్‌వర్క్ స్విచ్‌కు చెప్పే అంకె ఒకటి ప్యాకెట్ మీదే ఉంటుంది. 46 అంటే డాంటే లెక్కలో శబ్దం, ఏఈఎస్67 లెక్కలో గడియారం. రెండూ ఒకే స్విచ్‌కి చేరితే గడియారం వెళ్లి శబ్దాల వరసలో నిలబడుతుంది. అంబులెన్సుకూ ఆర్టీసీ బస్సుకూ ఒకే సైరన్ తగిలించినట్టు!

పరికరాలు ఒకదాన్నొకటి ఎలా వెతుక్కోవాలో మాత్రం ఏఈఎస్67 తేల్చలేదు. డాంటే ఒక దారిలో చాటింపు వేస్తే, రావెన్నా ఇంకో దారిలో చెవి పెట్టుకుని కూర్చుంటుంది. మధ్యలో ఎవరో ఒకరు చిరునామాను చేత్తో ఎక్కించాలి. నా మటుకు ఇదే ఏఈఎస్67లోని పెద్ద లోటు. 2017లో టీవీ రంగం ఎస్టీ 2110 ప్రమాణం రాసుకుంటూ శబ్దానికి ఏఈఎస్67నే తీసుకుంది; వెతుక్కునే పనికి మాత్రం ఎన్‌మోస్ అని వేరే ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది.