తోకగూటిలోని కాపరి

రెండవ ప్రపంచ యుద్ధములో జర్మనీపై బాంబులు వేసిన బ్రిటిషు లాంకాస్టరు విమానమున ఏడుగురు ఉండెడివారు. వారిలో తోకగన్నరు మాత్రము తక్కినవారికి దూరముగా, తోక చివరి ఇరుకుగూటిలో, నాలుగు మరతుపాకుల వెనుక, వచ్చిన దారివైపు తిరిగి కూర్చుండెడివాడు. తరచుగా వాని వయస్సు 20 ఏండ్లకు అటునిటు.

బెర్లినుకు పోయి వచ్చుటకు ఏడెనిమిది గంటలు పట్టెడివి. ఆ యెత్తున చలి సున్నకు 40 డిగ్రీలు క్రిందికి దిగగలదు. విద్యుత్తుతో వెచ్చబడు దుస్తులున్నను, వాని తీగ తెగినచో వ్రేళ్లు కొయ్యబారెడివి.

గన్నరు పని కాల్చుట యని మనమనుకొందుము. నిజమునకు మొదటి పని చూచుట. చీకటిలో వెనుకనుండి వచ్చు శత్రువిమానమును ముందుగా గుర్తించి వాడు టెలిఫోనులో హెచ్చరించినచో, పైలటు విమానమును మెలిత్రిప్పి తప్పించెడివాడు. చూపు స్పష్టముగా ఉండుటకై, ఎదుటి పారదర్శకపు పలకను తీసివేయించి ఆ చలిగాలికి ముఖమొడ్డిన గన్నరులును కలరు.

గూడు ఇరుకగుటచే పారాచూటు సాధారణముగా తలుపునకు అవతల, విమానపు లోభాగమున ఉండెడిది. 1944 మార్చి 24 రాత్రి బెర్లినునుండి మరలుచు విమానము మంటలలో చిక్కగా, నికొలస్ ఆల్కిమేడ్ అను గన్నరు తలుపు తెరచి చూచెను. పారాచూటుకూడ కాలుచుండెను. కాలి చచ్చుటకంటె ఇదియే మేలని 21 ఏండ్ల ఆ యువకుడు సుమారు 18,000 అడుగుల ఎత్తునుండి అట్లే దూకెను. ఫిర్ చెట్ల కొమ్మలును, మెత్తని మంచును అడ్డుపడి వాని ప్రాణము నిలిచెను.

అట్టి భాగ్యము ఎందరికి? ఆ బాంబరుదళపు విమానములలో సుమారు 1,25,000 మంది పనిచేసిరి. 55,573 మంది మరణించిరి. సాధారణముగా 30 దాడులు ముగించినగాని విరామము లేదు. క్రింది నగరములలో కాలిపోయిన పౌరులను మరువక, పైనున్న ఈ కుర్రవారినికూడ తలచినప్పుడే యుద్ధపు లెక్క మనకు పూర్తిగా తెలియును.